బెండకాయకు గాలి చాలు, బజ్జీకి నూనె కావాల్సిందే

ఈ నెల వంటింటి ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎయిర్ ఫ్రయర్ మీదే. కొని నెల తిరక్కముందే అటకెక్కించినవాళ్లు కొందరు, పొద్దున ఉప్మా తప్ప అన్నీ అందులోనే చేయబోయి విసిగినవాళ్లు కొందరు. జవాబుల్లోని కొలతలు 4 లీటర్ల బుట్ట, 1400-1500 వాట్ల మెషీన్‌కు సరిపోతాయి. డిగ్రీలు సెల్సియస్‌లో ఉన్నాయి. చెంచా అంటే 5 మి.లీ. టీ చెంచా, పెద్ద చెంచా అంటే 15 మి.లీ.

బెండకాయ వేపుడు ఎన్నిసార్లు చేసినా కొన్ని ముక్కలు జిగురుగా, కొన్ని తోలులా సాగుతూ వస్తున్నాయి. అరకిలో ముక్కలు వేసి 200 డిగ్రీల్లో 15 నిమిషాలు పెడుతున్నాను. ఎక్కడ తప్పు? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. అరకిలో ఒకే వాయిగా వేయడమే తప్పు. ఈ మెషీన్‌లో పైన ఒక కాయిల్, దాని వెనక ఒక ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట తప్ప ఇంకేం లేదు. పేరులో ఫ్రయర్ ఉన్నా, పనిలో ఇది చిన్న ఓవెన్. వేడిగాలి ముక్క చుట్టూ తిరిగి పైనున్న తడిని లాగేస్తేనే కరకర వస్తుంది. బుట్ట నిండా కుక్కితే గాలికి దారి ఉండదు. ముక్కల్లోంచి వచ్చిన ఆవిరి అక్కడే తిరిగి, మధ్యవి ఉడుకుతాయి, పైవి ఎండుతాయి. మీరు చూసిన జిగురూ తోలూ ఈ రెండే.

250 గ్రాములకు మించకండి. కాయల్ని కోయకముందే కడిగి, పొడిబట్టతో తుడిచి, ఫ్యాను కింద అరగంట ఆరనివ్వండి. కోసిన తర్వాత నీళ్లు తగిలితే జిగురు ఎవరూ ఆపలేరు. ముక్క ఒక సెంటీమీటరుకు తగ్గకూడదు, ఎందుకంటే వేగాక సగానికి పైగా కుంచించుకుపోతుంది. గిన్నెలో వేసి 2 చెంచాల నూనె పోసి చేత్తోనే కలపండి. పైనుంచి చిలకరిస్తే కొన్ని ముక్కలకే అంటుతుంది. మెషీన్ 180 డిగ్రీల్లో 3 నిమిషాలు వేడెక్కాక ముక్కలు వేయండి.

అయిదో నిమిషంలో బుట్ట బయటికి లాగితే ముక్కకూ ముక్కకూ మధ్య తెల్లటి తీగలు సాగుతూ కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే కంగారుపడి వేడి పెంచేస్తారు. అవసరం లేదు, బాగా కుదిపి లోపలికి తోసేయండి. తొమ్మిదో నిమిషానికి తీగలు ఎండి పొడిలా రాలతాయి, గింజలు కాస్త గోధుమరంగుకు తిరుగుతాయి. పన్నెండో నిమిషం దాటాక కుదిపితే మెత్తని చప్పుడు పోయి గలగలమని వినిపిస్తుంది. అదే దించే గుర్తు. గడియారం కంటే ఈ చప్పుడును నమ్మండి, ఒక్కో మెషీన్ వేడి ఒక్కోలా ఉంటుంది.

ఉప్పు ఇప్పుడు వేయాలి, ముందు కాదు. ముందు వేస్తే ముక్కలోంచి నీరు ఊరి మళ్లీ జిగురే. కారం కూడా చివరి 2 నిమిషాల్లోనే, లేదంటే ఆ వేడికి మాడి చేదెక్కి, ఇంటిల్లిపాదీ దగ్గుతారు. తాలింపు మాత్రం పొయ్యి మీద చిన్న గరిటెలో విడిగా వేసుకుని కలపండి. కరివేపాకును బుట్టలో వేయకండి. ఎండగానే ఎగిరి కాయిల్‌కు అంటుకుని అక్కడే మాడుతుంది.

పెళ్లి భోజనాల్లో వడ్డించే కరకరలాడే బెండకాయ కావాలంటే, అదే 250 గ్రాముల్ని నిలువుగా నాలుగు చీలికలు చేసి, పెద్ద చెంచా శెనగపిండి, పెద్ద చెంచా బియ్యప్పిండి, చెంచా కారం, అరచెంచా ఉప్పు, పెద్ద చెంచా నూనె కలిపి 10 నిమిషాలు వదిలేయండి. ఉప్పు ముందు వద్దన్న మాటకు ఇక్కడ మినహాయింపు, ఎందుకంటే ఊరిన ఆ కాస్త తడే పిండిని ముక్కకు పట్టిస్తుంది. నీళ్లు చుక్క కూడా వద్దు. 180లో 14 నిమిషాలు. జీడిపప్పు, పల్లీలు చివరి 4 నిమిషాల్లో వేస్తే చాలు.

దొండకాయ, అరటికాయ కూడా ఈ లెక్కే, సమయమే వేరు. దొండకాయ నిలువు చీలికలకు 18-20 నిమిషాలు పడుతుంది. అరటికాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో 4 నిమిషాలు ఉడికించి ఆరబెట్టి వేయండి, పచ్చివి వేస్తే పైన గట్టిపడి లోపల పిండిపిండిగా మిగులుతాయి. కాకరకాయ చక్రాలను ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచి గట్టిగా పిండి, 160 డిగ్రీల్లో నెమ్మదిగా 16-18 నిమిషాలు. కాకరకు ఇంతకంటే వేడి పెంచితే చేదు మీద మాడు చేదు.

మిరపకాయ బజ్జీ వేస్తే పిండంతా కారి బుట్ట అడుగున అట్టులా అంటుకుంది. గారెలు రాళ్లయ్యాయి. ఉష్ణోగ్రత ఎంత పెట్టాలి? – ఒక పాఠకుడు, గుంటూరు

ఎంత పెట్టినా రాదు. 180 డిగ్రీల నూనె, 180 డిగ్రీల గాలి ఒకటి కావు. అంతే వేడున్న నూనె గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా ఆ వేడిని పిండికి అందిస్తుంది. అందుకే మూకుట్లో జారిన పిండి క్షణంలో గట్టిపడి కాయను పట్టుకుంటుంది. గాలి ఆ పని చేయడానికి నిమిషాలు తీసుకుంటుంది. ఆలోపు జారుడు పిండి చిల్లుల్లోంచి కిందికి దిగిపోతుంది. గుంటూరులో ఉండి బజ్జీని ఇందులో వేయాలనుకోవడం సాహసమే, దానికి బాండీయే దిక్కు.

పిండిపూత లేకుండా తినగలిగితే ఒక దారి ఉంది. బజ్జీ మిరపకాయను చీల్చి గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన శెనగపిండి ముద్దను గట్టిగా కూరి, పైన నూనె రాసి 180లో 10 నిమిషాలు ఉంచండి. బాగుంటుంది, కాకపోతే దాన్ని బజ్జీ అనకండి.

మినప గారెలదీ ఇదే కథ. రుబ్బులో ఉన్న నీరు నూనెలో ఒక్కసారిగా ఆవిరై గారెను లోపల గుల్ల చేస్తుంది. గాలిలో ఆ నీరు తీరిగ్గా ఆరిపోతుంది, గారె బిగుసుకుంటుంది. నూనె తగ్గించాలన్నదే పట్టింపయితే ఆ రుబ్బును గుంతపొంగణాల పెనంలో, గుంతకు అరచెంచా నూనెతో వేసుకోండి. శెనగపప్పు మసాలా వడ మాత్రం పరవాలేదు. రెండు గంటలు నానిన పప్పును పూర్తిగా వడకట్టి, నీళ్లు లేకుండా బరకగా రుబ్బి, సెంటీమీటరు మందాన తట్టి, రెండు వైపులా బ్రష్‌తో నూనె రాసి 190లో 13 నిమిషాలు, ఎనిమిదో నిమిషంలో తిప్పి పెట్టండి. మందంగా తడితే లోపల పచ్చివాసన.

ఈ మెషీన్ నిజంగా గెలిచేది మిగిలిన పిండివంటల దగ్గర. సాయంత్రం తెచ్చి మెత్తబడిన సమోసాలు, నిన్నటి మసాలా వడలు, చల్లారిన బజ్జీలు 170లో 4 నిమిషాలు పెట్టండి. కొత్త నూనె అక్కర్లేదు, లోపలి నూనే పైకి తేలి పైపొర మళ్లీ బిగుస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే తడిగుడ్డలా అయ్యేవి ఇక్కడ బతుకుతాయి. పులిహోర, చపాతీ మాత్రం పెట్టకండి, ఎండిపోతాయి.

అప్పడాలు బుట్టలో ఎగిరి కాయిల్‌కు తగిలి మాడుతున్నాయి. వడియాలు పొంగడం లేదు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

అప్పడం తేలిక, ఫ్యాను గాలి బలం ఎక్కువ. రెండు వైపులా నూనె పూసి, మీద ఒక చిన్న స్టీలు తీగల స్టాండు బోర్లించండి. స్టాండుకూ కాయిల్‌కూ కనీసం 4 సెం.మీ. ఎడం ఉండాలి. 180 డిగ్రీల్లో ఒక నిమిషం దాటగానే చూడండి. పచ్చి మచ్చలు పోతే అయిపోయినట్టే. ఒక్కొక్కటే కాల్చాలి కాబట్టి, నిజం చెప్పాలంటే నలుగురికి అప్పడాలు కావాలంటే పొయ్యి మంట మీద పట్టుకారుతో కాల్చడమే తొందరగా అవుతుంది.

సగ్గుబియ్యం వడియాలు, బియ్యప్పిండి వడియాలు పొంగాలంటే వాటిలో దాగిన ఆ కొద్ది తేమ ఒక్కసారిగా ఆవిరి కావాలి. బజ్జీ దగ్గర చెప్పిన ఆ వేగమే ఇక్కడా లేదు. పైన రంగు వస్తుంది, మధ్యలో రాయి ఉంటుంది, పళ్లకు పని. గుమ్మడి వడియాలకు పొంగే పని లేదు కనుక నూనె బాగా పట్టించి 160లో 5-6 నిమిషాలు వేయవచ్చు. చల్ల మిరపకాయలు కూడా 160లో 3-4 నిమిషాలకు దోరగా వేగుతాయి. ముందు కిటికీ తీసి పెట్టుకోండి, ఆ ఘాటు ఫ్యానుతో సహా బయటికి వస్తుంది.

కోడిమాంసం వేస్తే తెల్లటి పొగ వస్తోంది. పైన ఎర్రగా వేగినా ఎముక దగ్గర పచ్చిగా ఉంటోంది. చేప అయితే బుట్టకు అతుక్కుని విరిగిపోతోంది. – ఒక పాఠకురాలు, నెల్లూరు

పొగ మాంసం నుంచి కాదు, కింద డ్రాయర్‌లోకి కారిన కొవ్వు నుంచి. తోలున్న ముక్కలు వేసి మొదటి నుంచీ 200 పెడితే కారిన కొవ్వు కాగి పొగ లేస్తుంది. బుట్ట కింద డ్రాయర్‌లో 3 పెద్ద చెంచాల నీళ్లు పోయండి. మీ మెషీన్ మాన్యువల్ నీళ్లు వద్దంటే ఆ మాటే వినండి, ప్రతి వాయికీ డ్రాయర్ తుడిచి వాడండి.

పచ్చిదనం వేడి ఎక్కువైనందుకు వచ్చింది. అరకిలో ఎముక ముక్కలకు 2 పెద్ద చెంచాల గట్టి పెరుగు, పెద్ద చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, 2 చెంచాల కారం, చెంచా ఉప్పు, చెంచా ధనియాల పొడి, పావు చెంచా పసుపు, పెద్ద చెంచా నూనె పట్టించి గంట ఫ్రిజ్‌లో ఉంచండి. పలచటి పెరుగైతే మసాలా అంతా కిందికి కారిపోతుంది. వండే 20 నిమిషాల ముందు బయట పెట్టండి. ముక్కకు ముక్క తగలకుండా పేర్చి 180లో 12 నిమిషాలు, తిప్పి 200లో మరో 6-8 నిమిషాలు. ముందు లోపల ఉడకాలి, రంగు తర్వాత. పెద్ద తొడ ముక్కకు ఎముక దాకా రెండు గాట్లు పెట్టడం మరవకండి. అనుమానమైతే వంట థర్మామీటరును ఎముకకు తగలకుండా గుచ్చండి, 74 డిగ్రీలు చూపిస్తే భయం లేదు.

వంజరం ముక్కలు ఒకటిన్నర సెంటీమీటరు మందాన కొట్టించుకోండి. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసంతో పాటు పెద్ద చెంచా బియ్యప్పిండి, పెద్ద చెంచా నూనె పట్టించి పావుగంట ఉంచి, నూనె రాసి వేడెక్కించిన బుట్టలో పెట్టండి. 180లో మొత్తం 11-12 నిమిషాలు. ఏడో నిమిషం రాకముందే ముక్కను కదిలించారా, విరిగిందే. కింది పొర ఎండగానే అదే ఊడి వస్తుంది. రొయ్యలకు 6-7 నిమిషాలు చాలు. మెలిక తిరిగి రంగు మారగానే తీసేయాలి, ఇంకో రెండు నిమిషాలు ఉంచితే రబ్బరు ముక్కలే.

పచ్చడికి వంకాయ కాల్చుకోవచ్చా? చెనక్కాయ విత్తనాలు వేయించుకోవచ్చా? – ఒక పాఠకుడు, అనంతపురం

రెండూ భేషుగ్గా వస్తాయి. గ్యాసు మంట మీద వంకాయను తిప్పుతూ నిలబడే పని తప్పుతుంది, పొయ్యి మీద నీరు కారదు. 300 గ్రాముల పెద్ద వంకాయకు నూనె రాసి, చాకు మొనతో ఏడెనిమిది చోట్ల పొడవండి. పొడవకపోతే లోపలి ఆవిరికి దారి లేక పగిలి బుట్టంతా చిమ్ముతుంది. 200లో 22-25 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. తొడిమ దగ్గర చాకు వెన్నలోకి దిగినట్టు దిగితే ఉడికినట్టే. రెండు టమాటాలు, గాటు పెట్టిన నాలుగు పచ్చిమిర్చి చివరి 10 నిమిషాల్లో పక్కనే వేస్తే పచ్చడికి సగం పని అయిపోయింది.

ఒక్క లోటు, మంటలో కాలిన వాసన రాదు. అది కావాల్సినవాళ్లు మెదిపిన గుజ్జు మధ్య చిన్న గిన్నెలో నిప్పుకణిక పెట్టి, పైన అరచెంచా నెయ్యి వేసి రెండు నిమిషాలు మూత పెట్టుకోవచ్చు.

విత్తనాలు ఒక కప్పు, నూనె లేకుండా, 160లో 8-10 నిమిషాలు. మూడు నిమిషాలకోసారి కుదపండి. కొంచెం పచ్చిగా ఉన్నాయనిపించినప్పుడే పళ్లెంలో పోసేయండి, తమ వేడికి తామే మరికాస్త వేగుతాయి. బుట్టలోనే వదిలేస్తే చేదు. పొట్టు చేత్తో నలిపితే ఊడుతుంది, దాన్ని మాత్రం వంటింటి బయట చెరగండి.

ఎయిర్ ఫ్రయర్ పెట్టిన ప్రతిసారీ ప్లగ్గు వేడెక్కుతోంది, ఒకసారి కరెంటు ట్రిప్ అయింది. బిల్లు కూడా భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

1500 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అందులో కన్వర్టర్ పిన్నుతోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సుతోనో పెడితే వేడెక్కక ఏమవుతుంది? గీజరుకు వాడే పెద్ద 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. అదే లైనులో ఇండక్షన్ స్టవ్‌ను ఒకేసారి నడపకండి. 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టినా వేడెక్కుతుంటే సాకెట్ వదులైంది, ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.

బిల్లు సంగతి మీరే లెక్కేసుకోవచ్చు. 1500 వాట్లు 20 నిమిషాలు ఆగకుండా నడిస్తే అర యూనిట్. కావాల్సిన వేడి రాగానే కాయిల్ ఆగి ఆగి వెలుగుతుంది కనుక అంతకంటే తక్కువే అవుతుంది. ఇద్దరు ముగ్గురికి ఒక వాయి వేసే ఇంట్లో ఇది పెద్ద ఖర్చు కాదు. ఆరుగురికి మూడు వాయిలంటే కరెంటు కంటే మీ గంట సమయమే ఖరీదు.

ఇంకో మాట, వేడిగాలి వెనకనుంచి వస్తుంది. గోడకు 15 సెం.మీ. దూరం ఉంచండి. జాగా లేదని గ్యాసు పొయ్యి మీద పెట్టేవాళ్లున్నారు, పొరపాటున నాబ్ తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి.

మాది ఫారన్‌హీట్ మెషీన్. మీ లెక్కలు ఎలా మార్చుకోవాలి? ఈ ఏడాది ఇండియా వచ్చేస్తున్నాం, దీన్ని తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, డల్లాస్

160కి 320, 170కి 340, 180కి 360, 190కి 375, 200కి 390 పెట్టుకోండి. మాంసం లోపలి 74 అంటే మీ థర్మామీటర్లో 165.

తేవద్దు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. దాదాపు రెట్టింపు వోల్టేజీ తగిలితే కాయిల్ మీద నాలుగింతలకు దగ్గరగా భారం పడుతుంది, మొదటి రోజే కాలిపోతుంది. 2000 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొని నడపవచ్చు గానీ ఆ బరువుకీ ధరకీ ఇక్కడ కొత్తదే నయం.

బుట్ట జిడ్డు వదలడం లేదు. అడుగున ఫాయిల్ గానీ బటర్ పేపర్ గానీ వేయవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

వంట అవగానే, బుట్ట గోరువెచ్చగా ఉన్నప్పుడు వేడినీళ్లు, గిన్నెల సబ్బు పోసి 20 నిమిషాలు నాననిచ్చి మెత్తటి స్పాంజితో తోమండి. పీచు, స్టీలు తీగ తగిలితే పూత పోతుంది. డబ్బాల్లో దొరికే వంటనూనె స్ప్రేలలో లెసిథిన్ అనే పదార్థం కలిపి ఉంటే అది వేడికి బంకలా గట్టిపడి ఎంత తోమినా పోదు, మీ జిడ్డు అదే కావచ్చు. నూనెకు బ్రష్ చాలు. కాయిల్ మీద చిమ్మిన జిడ్డును ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, పిండిన తడిగుడ్డతో తుడవాలి. లేదంటే ప్రతి వంటకీ పాత చేప వాసన.

కాగితం వేయవచ్చు, పైన బరువు ఉన్నప్పుడే. ఖాళీ బుట్టలో కాగితం వేసి వేడెక్కిస్తే ఎగిరి కాయిల్‌కు అంటుకుని మండుతుంది. ఫాయిల్ బుట్ట మొత్తం పరిస్తే గాలి ఆగిపోయి కొన్న ప్రయోజనమే పోతుంది. చింతపండు, నిమ్మరసం పట్టించిన వాటికి ఫాయిల్ అసలు వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది.

పూత రేకులుగా లేస్తుంటే బుట్ట మార్చేయండి. విడిగా అమ్ముతారు.

నూనె అసలు వేయకుండా బంగాళాదుంప చేయొచ్చా? ఆరోగ్యానికి మంచిదని కొన్నాం. – ఒక పాఠకుడు, వరంగల్

చేయొచ్చు, తినడమే కష్టం. నూనె లేని ముక్క కరకరలాడదు, పైన అట్టలా ఎండుతుంది. 300 గ్రాములకు 2 చెంచాల నూనె వేయండి. మూకుట్లో ముంచి తీసినదానితో పోలిస్తే అదేమంత లెక్కలోది కాదు. ముక్కలు ఒకటిన్నర సెం.మీ. కోసి 20 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, కడిగి, బట్టమీద పూర్తిగా ఆరబెట్టండి. పిండిపదార్థం పోతే ముక్కలు అంటుకోవు. 180లో 18-20 నిమిషాలు, రెండుసార్లు కుదపాలి.

గాలితో చేశాం కదా అని నల్లగా వేయించకండి. బంగాళాదుంప మాడే కొద్దీ అక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుంది, దానికి నూనె ఉన్నా లేకపోయినా ఒకటే. లేత బంగారు రంగు దగ్గర ఆపండి. ఫ్రిజ్‌లో దాచిన దుంపల్లో చక్కెర పెరిగి ఇంకా త్వరగా నల్లబడతాయి, బయట బుట్టలో ఉన్నవే వాడండి.

సంక్రాంతికి జంతికలు ఇందులో చేసి చూడమంటారా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

పిండిలో వెన్న కాస్త ఎక్కువ వేసి, పైన నూనె రాసి 170లో 12-14 నిమిషాలు పెడితే జంతికలాంటిది వస్తుంది. కాస్త గట్టిగా, బిస్కెట్ రుచితో. వాయికి నాలుగైదు పడతాయి. కిలో పిండి కలుపుకుని కూర్చుంటే భోగి మంట ఆరిపోయినా మీ పిండి అవదు.